ఏ పుస్తకంలోనూ లేని చట్టం

నా చిన్నప్పుడు కోయంబత్తూరు పక్కనున్న మా పోదనూరులో చిన్నా పెద్దా అందరికీ కంఠతా వచ్చిన చట్టం ఒకటుండేది. వెనక నుంచి బస్సో లారీయో హారన్ కొడితే సైకిలువాడు తారు వదిలిపెట్టి మట్టిలోకి దిగిపోవాలి. దిగకపోతే తప్పు సైకిలువాడిది. పడితే తప్పు సైకిలువాడిది. చచ్చిపోయినా తప్పు సైకిలువాడిదే. బళ్లో సారు ఇదే చెప్పేవారు, టీ కొట్టు బెంచీ మీద కూచునేవాళ్లు ఇదే చెప్పేవారు, స్టేషనులో పోలీసులూ ఇదే చెప్పేవారు. ఆ చట్టం ఏ పుస్తకంలోనూ లేదు. లేదని నాకు తొమ్మిదేళ్లప్పుడు తెలిసింది. ఇప్పుడు నాకు అరవై దాటింది. ఊరికి ఇంకా తెలియలేదు. అందుకే ఇది చెబుతుంటే నా గొంతు లేస్తుంది. లేవనీయండి.

మాది రైల్వే కాలనీని ఆనుకుని ఉన్న వీధి. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మా తాత రైల్వేలో కీమేన్‌గా చేసి రిటైరయ్యాడు. రోజూ భుజాన సుత్తి పెట్టుకుని పట్టాల వెంబడి మైళ్లు నడిచి, వదులైన కీలను కొట్టి బిగించే పని అది. మాట తక్కువ మనిషి. ఆయన చిన్నకొడుకు, అంటే మా చిన్నాయన, ప్రైవేటు టౌను బస్సుకు డ్రైవరు. పోదనూరు నుంచి కురిచ్చి చెరువు పక్కగా ఉక్కడం దాకా పోయి వచ్చే బస్సు.

చిన్నాయనంటే నాకు ప్రాణం. శనివారాలు బడి ఒంటిపూట. మధ్యాహ్నం ట్రిప్పులో నన్ను తన పక్కనే ఇంజను మూత మీద కూచోబెట్టుకునేవాడు. కింద గోనెసంచి వేసినా ఆ మూత కాలుతూనే ఉండేది. అయినా అది నాకు సింహాసనం. చిన్నాయన హారన్ నొక్కితే ముందు పోయే సైకిళ్లన్నీ కోడిపిల్లల్లా చెదిరి మట్టిలోకి దూకేవి. పాలక్యాన్లు దబదబా కొట్టుకునేవి. ఎవరో ఒకరు తూలి, కాలు కింద ఊని, తలెత్తి బస్సును చూసేవారు. నేను చప్పట్లు కొట్టేదాన్ని. ఇంకోసారి కొట్టు చిన్నాయనా అనేదాన్ని. ఈ ముక్క దాచిపెట్టి మిగతాది చెబితే నేను అబద్ధాలకోరునవుతాను.

మట్టి అని నోటితో తేలిగ్గా అనేస్తాం గానీ ఆ రోడ్డు పక్క ఉన్నది మట్టి కాదు. తారు అంచు జానెడు ఎత్తున తెగి ఉండేది. దాని కింద కంకర రాళ్లు, ముళ్లకంప, వానాకాలమైతే బురదగుంట. పోతున్న సైకిలు ఆ అంచు దిగడమంటే మెట్టు మీద నుంచి దూకడమే. బస్సులో కూచున్నవాళ్లకు అది కనిపించదు. నాకూ కనిపించలేదు.

మా పక్కింటి అక్క ఒక్కతి మాత్రం దిగేది కాదు. ఆ అక్క కోయంబత్తూరులో ఒక ఆస్పత్రిలో నర్సు పని నేర్చుకునేది. తెల్ల చీర కట్టుకుని, కొంగు నడుముకు దోపుకుని, రోజూ ఉదయం సైకిలు మీద పోయేది, సాయంత్రం వచ్చేది. మా వీధిలో సైకిలు తొక్కే ఆడమనిషి అప్పట్లో ఆమె ఒక్కతే. తారు అంచును ఒరుసుకుని కాకుండా, ఒక మూర లోపలికి తొక్కేది. వెనక హారన్ మోగితే చెయ్యి చాపి కుడిపక్క నుంచి పొమ్మని చూపించేది, అంతే. దానికి ఊరు పెట్టిన పేరు తిమురు, అంటే పొగరు. ఆడపిల్లకు సైకిలే ఎక్కువ, పైగా బస్సుకు దారి ఇవ్వదు చూడు, ఎంత తిమురు, అనేవారు. చిన్నాయన అయితే భోజనం ముందు కూచున్నా అదే పాట. ఆ పిల్ల వల్ల నాకు ట్రిప్పు లేటవుతోంది, ఒకరోజు బుద్ధి చెప్తా, అనేవాడు.

చెప్పాడు. ఒక శనివారం నేను ఇంజను మూత మీద ఉండగానే చెప్పాడు.

చెరువు పక్క రోడ్డులో అక్క ముందు పోతోంది. ఆ రోజు ఆస్పత్రిలో సగం పూటే డ్యూటీ అనుకుంటాను. చిన్నాయన హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. అక్క మామూలుగా చెయ్యి చాపింది. కుడిపక్క రోడ్డంతా ఖాళీగా ఉంది. ఎదురుగా ఒక ఎద్దుబండి కూడా లేదు. అయినా చిన్నాయన బస్సును కుడికి తిప్పలేదు. ఎడమకే నెట్టుకుంటూ పోయి, ఎడమ కిటికీ వైపు మెడ చాచి, మా ఊరి డ్రైవర్లందరూ అరిచే మాటే అరిచాడు. "వీట్ల సొల్లిట్టు వందియా?" ఇంట్లో చెప్పేసి వచ్చినావా, అని. చావడానికి బయల్దేరిన సంగతి మీ ఇంట్లోవాళ్లకు తెలుసా అని ఎత్తిపొడుపు. బస్సంతా గొల్లుమంది. నేనూ నవ్వాను.

నవ్వుతూనే వెనక్కి తిరిగి చూశాను. అక్క కంకరలో కూచుని ఉంది. సైకిలు ఆమె కాళ్ల మీద పడి ఉంది. కుడిచేతి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని, దాన్ని తనది కానట్టు చూసుకుంటోంది. ముందు రోజు సాయంత్రం నాకు జడ వేసిన చేతులవి. బస్సు ఆగలేదు. ఆపమని నేనూ అనలేదు.

సాయంత్రానికి అక్క చేతికి కట్టు కట్టించుకుని వచ్చారు. మణికట్టు విరిగింది. వీధంతా వాళ్లింట్లోనే ఉంది. పరామర్శకు అని వచ్చిన ప్రతివాళ్లూ అక్కనే తిట్టిపోయారు. బస్సు అంత పెద్దది, నువ్వింత, దిగిపోతే ఏం పోయేది? వాడికి ఎన్ని తలనొప్పులో. పెళ్లి కావలసిన పిల్లవు, చెయ్యి వంకరైతే ఎవడు చేసుకుంటాడు? వాళ్ల నాన్న పోలీసు స్టేషనుకు పోయి వచ్చాడు. అక్కడి రైటరు కాగితమైనా తీయలేదట. సైకిలు తారు మీద పోవడమే నేరం, కేసంటూ రాస్తే మీ అమ్మాయి మీదే రాయాల్సి వస్తుంది, మర్యాదగా ఇంటికి పో, అన్నాడట. ఆ పెద్దమనిషి తలవంచుకుని ఇల్లు చేరాడు. చదువుకున్న పోలీసు చెప్పాడు కదా, నిజమే అయుంటుందని నమ్మాడు. నాకు ఈ రోజుకీ మండేది అక్కడే. దెబ్బ తగిలినవాడి చేతనే తప్పు నాదని ఒప్పించే ఊరు అది.

మా తాత ఈ మాటలన్నీ అరుగు మీద కూచుని విన్నాడు. చీకటి పడే వేళకు నన్ను పిలిచి, నువ్వు బస్సులో ఉండావు కదా, అని అడిగాడు. ఉన్నానన్నాను. కుడిపక్క చోటుండిందా? ఉండింది. ఎంత దగ్గరగా పోయినాడు? నేను రెండు చేతులూ చాపి చూపించబోయి, దగ్గరికి తెచ్చి, ఇంకా దగ్గరికి తెచ్చి, చివరికి ఒక జాన చూపించాను. నేను నవ్వానని తాతకు చెప్పలేదు. ఆయన అడగనూ లేదు.

చిన్నాయన తిని చెయ్యి కడుక్కున్నాక తాత నెమ్మదిగా కదిపాడు. సైకిలు మట్టిలోకి దిగాలని ఎవరు చెప్పినారు అబ్బయా? చిన్నాయన నవ్వాడు. "సట్టం నాయనా. అందరికీ తెలిసిందే. సైకిలు ఓరంగా, అంచునే పోవాల." అయితే లైసెన్సు పరీక్షకు నువ్వు చదివిన పుస్తకం తీసుకురా, అన్నాడు తాత. ఇనప్పెట్టె అడుగు నుంచి అరవంలో అచ్చయిన ఆ చిన్న పుస్తకం వచ్చింది. తాతకు అరవం మాట వచ్చు గానీ అక్షరాలు కూడబలుక్కోవాలి. బళ్లో అరవమే చదివే నన్ను చదవమన్నాడు.

లాంతరు ముందు కూచుని ఆ పుస్తకమంతా నేనే చదివాను. అన్ని బండ్లూ రోడ్డుకు ఎడమపక్కగా పోవాలని ఉంది. ముందుపోయే బండిని దాటాలంటే కుడిపక్క నుంచి, దానికి చోటు వదిలి, ఎవరికీ అపాయం లేదని చూసుకుని దాటాలని ఉంది. చోటు లేకపోతే వెనకే ఆగాలని ఉంది. బండ్ల వరసలో ఎద్దుబండి ఉంది, జట్కా ఉంది, సైకిలూ ఉంది.

"మట్టి అని యాడైనా ఉండాదా చూడు పాపా" అన్నాడు తాత.

మొదటి నుంచి మళ్లీ వేలు పెట్టి వెతికాను. ఎడమపక్క అని ఉంది గానీ, తారు వదిలి దిగమని ఎక్కడా లేదు. లేదు తాతా, అన్నాను. చిన్నాయన పుస్తకం లాక్కుని పెట్టెలో పడేశాడు. "పుస్తకం పుస్తకమే, రోడ్డు రోడ్డే నాయనా. రోడ్డు మింద బతికేవాణ్ణి నేను. నాకు తెలీదా?" అన్నాడు. తాత లాంతరు వత్తి తగ్గించాడు. ఆ మనిషికి అరిచి గెలవడం తెలియదు.

సోమవారం చిన్నాయనకు సెలవు. సాయంత్రం తాత ఆయన్ని పిలిచి పని చెప్పాడు. అక్క సైకిలు కురిచ్చి దగ్గర రిపేరు కొట్లో ఉంది. చక్రం సరిచేసి కొత్త టైరు, కొత్త ట్యూబు వేశారు. నువ్వే పోయి తెచ్చి వాళ్లింట్లో అప్పజెప్పు. ఇంకో మాట. పక్కన కంకరలోకి దింపొద్దు, కొత్త ట్యూబు చిల్లిపడుతుంది. తారు మీదనే తీసుకురా. ఇంతే చెప్పాడు. ఆ వేళకు మిల్లు షిఫ్టు విడిచి, బస్సులన్నీ కిక్కిరిసి పరుగెత్తుతాయని తాతకు తెలుసు. నేను వీధి చివర కాచుకుని ఉండి నేనూ వస్తానని చిన్నాయన చొక్కా పట్టుకున్నానన్నదే ఆయనకు తెలియదు.

వచ్చేటప్పుడు చిన్నాయన ముందు, నేను వెనక క్యారియర్ మీద. మొదట్లో ఈల వేస్తూ తొక్కాడు. వెనక ఒక లారీ హారన్ కొట్టింది. చిన్నాయన ఈల ఆగింది. లారీ పోయాక వచ్చిన గాలికి సైకిలు పాములా మెలికలు తిరిగింది. తర్వాత ఒక కారు. తర్వాత ఒక బస్సు. ఒక్కొక్కటీ పోయినప్పుడల్లా చిన్నాయన చొక్కా వెనక చెమట పెద్దదవుతూ వచ్చింది. నా పిడికిళ్లలో ఆ చొక్కా తడిసిపోయింది. బస్సులో నుంచి చూసినప్పుడు వెడల్పుగా కనిపించిన రోడ్డు, సైకిలు మీద కూచుంటే కాలిబాటంత అయిపోయింది.

చెరువు దగ్గరికి వచ్చేసరికి వెనక మళ్లీ హారన్. ఈసారి ఆ మోతను చిన్నాయన గుర్తుపట్టాడు. అది మా కంపెనీ బస్సే, మావాడే, అన్నాడు. రోజూ ఒకే సీసాలో నీళ్లు తాగే స్నేహితుడు. చిన్నాయన వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి ఊపాడు. అంతే, ఆ చెయ్యి చూసిన డ్రైవరుకు తిమురు కనిపించి ఉండాలి. హారన్ ఆగలేదు. ఇంజను వేడి నా వీపుకు తగిలింది. పక్కకు చూస్తే చక్రం. నా తలకన్నా ఎత్తున, నట్లతో సహా తిరుగుతూ, చెయ్యి చాపితే అందేంత దగ్గర. నా పావడ ఎగిరి బస్సు రేకుకు అంటుకుంది. పైనుంచి అదే అరుపు వినిపించింది, ఇంట్లో చెప్పేసి వచ్చినావా అని. ఆ వెనకే జనం నవ్వు.

చిన్నాయన ట్యూబును మరిచిపోయి అంచు మీద నుంచి దించాడు. ఇద్దరం కంకరలో పడ్డాం. ఆయన నా మీద అడ్డంగా పడుకుని, బస్సు వెనక చక్రం పోయేదాకా లేవలేదు. ఆయన కాలి నుంచి జారిన చెప్పు తారు మీద అప్పడంలా అయింది.

టీ కొట్టు నుంచి జనం పరుగెత్తుకొచ్చారు. నన్ను లేపారు, మోకాలికి నీళ్లు పోశారు. ఆ తర్వాత మొదలుపెట్టారు. వెనక పసిపిల్లను పెట్టుకుని తారు మీద తొక్కుతావా, బుద్ధి లేదా? బస్సు వస్తుంటే ఓరంగా పోగూడదా? చిన్నాయన అరిచాడు. నేను ఎడమపక్కనే ఉండా, కుడిపక్కంతా ఖాళీ, వాడికి కళ్లు లేవా, అని. ఎవరూ వినలేదు. వాడు బస్సు నడిపేవాడయ్యా, ఇట్లా అందరికీ దారి చూసుకుంటూ కూచుంటాడా, అన్నాడొక ముసలాయన. నేనూ బస్సు డ్రైవరునే, అన్నాడు చిన్నాయన. అయితే నీకు తెలియాలి కదా, అన్నాడాయన. చిన్నాయన ఎడంకాలికి చెప్పు లేకుండా, సైకిలు తోసుకుంటూ, నన్ను క్యారియర్ మీద కూచోబెట్టి ఇంటిదాకా నడిచాడు.

గుమ్మంలో తాత నా మోకాళ్లు చూశాడు. ఆయన ముఖం అలా పాలిపోవడం నేను ముందెప్పుడూ చూడలేదు. గుడ్డ తడిపి నా మోకాలు తుడవసాగాడు. చిన్నాయన మాత్రం వాకిట్లో నిలబడి కేకలేస్తున్నాడు. వాణ్ణి జైల్లో వెయ్యాలి, వాడి లైసెన్సు చించెయ్యాలి, పిల్ల ఉండాదని కూడా చూళ్లేదు, మనిషేనా వాడు!

నేను వెక్కుతూనే, తెలియక, మనసులో ఉన్న సందేహం అడిగేశాను. "మనం ఓరంగా పోలేదు కదా చిన్నాయనా. తప్పు మనదే కదా?"

కేకలు ఆగిపోయాయి. తాత చెయ్యి నా మోకాలి మీదే నిలిచిపోయింది. చిన్నాయన నా వైపు చూసి, తాత వైపు చూసి, మెల్లగా అరుగు మీద కూలబడి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. మగవాడు ఏడవడం నేను చూసింది అదే మొదలు.

కాసేపటికి లేచి సైకిలు తీసుకుని పక్కింటికి పోయాడు. నేనూ కుంటుతూ వెంబడించాను. అక్క కట్టుతోనే బయటికొచ్చి, ఎడమచేత్తో బ్రేకు నొక్కి చూసింది, బెల్లు కొట్టి చూసింది. మడ్గార్డు మీద వేలు పెట్టి, "ఈ గీత కొత్తది అన్నా" అంది. "అది నాది" అన్నాడు చిన్నాయన. అక్క సరేలే అన్నా అని తేల్చేయలేదు. అలా తేల్చకపోవడమే న్యాయమని ఇప్పుడనిపిస్తుంది.

మర్నాడు చిన్నాయన అక్క నాన్నను వెంటబెట్టుకుని స్టేషనుకు పోయాడు. ఆ అమ్మాయిని తోసేసింది నేనే, తప్పు నాది, రాసుకోండి, అన్నాడు. నీ మీద నువ్వే కంప్లెయింటు ఇస్తావా, తాగినావా, అని రైటరు నవ్వాడట. చిన్నాయన చంకలోని అరవ పుస్తకం తీసి బల్ల మీద పెట్టి, సైకిలు మట్టిలోకి దిగాలని ఇందులో చూపించండి, పోతాను, అన్నాడు. సాయంత్రం దాకా నిలబడితే గానీ కాగితం కదలలేదు. కేసు పెద్దదేమీ కాలేదు. అక్క వైద్యానికి అయిందంతా చిన్నాయనే పెట్టుకున్నాడు. అక్కకు మాత్రం చదువు ఏడాది వెనకబడింది. మణికట్టు కాస్త వంకరగానే అతికింది. ఆ చేత్తోనే నర్సయింది, ముప్పై ఏళ్లు పైగా సూదులు వేసింది.

చిన్నాయన మారాడు. జనం మారలేదు. చోటు లేనప్పుడు సైకిలు వెనక నెమ్మదిగా బస్సు పోనిస్తే లోపలి నుంచి కేకలు. ఏం డ్రైవరయ్యా, సైకిలుకు ఊరేగింపా? హారన్ కొట్టి తరిమెయ్! ముందు సీట్లో చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లులు కూడా అరిచేవారు. ముతలాళి, అంటే బస్సు యజమాని, పిలిచి చివాట్లు పెట్టి, చివరికి ఆ లైను నుంచే తీసేశాడు. చిన్నాయన వేరే బస్సు చూసుకున్నాడు. రిటైరయ్యేదాకా అలాగే నడిపాడు, తిట్లు తింటూనే. ఒక సైకిలును కూడా తారు దింపలేదు.

నేను పదమూడో ఏట అక్క దగ్గరే సైకిలు నేర్చుకున్నాను. మూర లోపలికి తొక్కమంది, తొక్కాను. ఇవాళ్టికీ కూరగాయలకు సైకిలు మీదే పోతాను. మొన్నామధ్య సిగ్నలు దగ్గర ఒకడు కారు అద్దం దించి, నువ్వు రోడ్డు ట్యాక్సు కట్టినావా ముసలమ్మా, ఓరంగా పో, అన్నాడు. మంచి బట్టలు, మంచి కారు, పక్కన బడి యూనిఫాంలో కూతురు. ఆ పిల్ల వింటోంది. అలా విని విని నేర్చుకుంటుంది. రోడ్డు పక్కన ఎవడో కూలివాడు సైకిలుతో సహా నుజ్జయితే, అడ్డమొచ్చాడు పాపం అని రెండు ముక్కలు అనుకుని టీ తాగుతారు. యాభై ఏళ్లు గడిచాయి. రోడ్డు రెండింతలు వెడల్పయింది. సైకిలువాడికి మాత్రం అదే కంకర, అదే అరుపు.

తాత ఆ రోజు నాకు ఇచ్చింది శాంతం కాదు. చదివి చూడు, ఎక్కడ రాసుందో చూపించమను, అనే పట్టుదల. దానితోపాటు ఆరని కోపం ఒకటి. రెంటినీ దాచుకున్నాను.

పోయిన నెల సుందరాపురం దగ్గర ఒక బడిపిల్లను వ్యాను అద్దం తగిలి పడేసింది. వ్యాను ఆగలేదు. చుట్టూ చేరినవాళ్లు ఎప్పటి పాటే మొదలుపెట్టారు. నేను సైకిలు దిగి ఆ పిల్లను లేపాను. మోచేయి గీరుకుంది, అంతకన్నా ఏమీ కాలేదు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "సారీ పాటీ, నాదే తప్పు" అంది అరవంలో. పాటీ అంటే అవ్వ. పన్నెండేళ్ల పిల్ల. పడేసి పోయినవాడి మాట ఎత్తలేదు, తానే క్షమాపణ అడుగుతోంది. అక్కడున్న మగాళ్లందరూ వినేలా, తప్పు నీది కాదు, నీది కానే కాదు, ఇంకెప్పుడూ ఆ మాట అనొద్దు, అన్నాను. ఎవరో ఏదో గొణిగారు. అది చట్టమని ఎక్కడుందో చూపించు, అన్నాను. చూపించలేదు. చూపించలేరు.

సైకిలు ఎక్కు, నువ్వు ముందు పో, నీ వెనక నేనొస్తాను, అని ఆ పిల్లకు చెప్పాను. బడి దాకా అలాగే పోయాం. అంచుకు భయపడి ఆ పిల్ల రెండుసార్లు కిందికి దిగబోయింది. లోపలికి రా, ఇంకొంచెం లోపలికి రా, అంటూ వచ్చాను. మూడోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. మా వెనక బస్సు ఒకటి హారన్ కొట్టి కొట్టి, చివరికి కుడిపక్క నుంచి, చాలినంత చోటు వదిలి, దాటుకుని పోయింది.